ఐతె

ఇప్పచెట్టు మొదట్ల నిలబడితె ఒక గీత.
రాయి ఎక్కితె రెండు.
మూడో గీత కావాల్నంటె ఫోన్‌ను కర్రకు కట్టి ఎత్తాలె,
ఎత్తితె మాట ఇనరాదు.
రెండు గీతల మీదనె
మడకం ఐతెను కూసోబెట్టిన.

నేను ఆశ కార్యకర్తను, పూనెం సుగుణను.
నా సంచిల జ్వరం గోలీలుంటయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లుంటయి,
పిల్లల బరువు తూచె ఉయ్యాల ఉంటది.
దీని మందు సంచిల లేదు,
ఫోన్ల ఉన్నదని మీటింగుల చెప్పిన్రు.

ముందుగాల ఫారం.
జిల్లా ములుగు. మండలం తాడ్వాయి.
ఊరు...
కిందికి జరుపుకుంట పోతె అన్ని ఊర్లొచ్చినయి,
మనుషులే లేని బేచిరాగ్ ఊర్లు సుత వచ్చినయి,
వీళ్ల గుంపు రాలె.
ఇరవై రెండు గుడిసెలు, పద్దెనిమిదేండ్లు.
పక్కూరి పేరు నొక్కిన.
ఆధార్ లేదు. ఓటీపీకి నా నంబరిచ్చిన.
ఆరంకెలొచ్చినయి,
ఆమె దుఃఖానికి తాళంచెవి
నా పేరు మీద.

హనుమకొండ నుంచి డాక్టరమ్మ కనపడ్డది,
ముఖం గళ్లు గళ్లుగ పగిలి, మళ్ల అతుక్కొని.
"పేరేంటమ్మా?"
"ఐతె."
"ఐతే? చెప్పండి, వింటున్నా."
"ఐతె."
"ఆ, ఐతే...?"
నేను నడుమ జొర్రి చెప్పిన,
ఐతారం పుట్టింది మేడం, అదే పేరు.
డాక్టరమ్మ నవ్వి సారీ అన్నది.
ఐతె నవ్వలె.
రేషన్ కాడ, ఠాణ కాడ, ఫారెస్టోళ్ల కాడ
పేరు చెప్పినప్పుడల్ల
మాట ఇంక మిగిలున్నట్టె చూస్తరు ఆమెను.

"రెండు వారాల్లో ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదు?"
నేను కోయల అడిగిన.
ఆమెది గోదారి అవతలి కోయ,
పది మాటలల్ల ఏడు తెలుస్తయి నాకు,
మిగిలిన మూడు ఆమె చేతులను చూసి పట్టుకుంట.
చానసేపు చెప్పింది.
ఇల్లు కాలంగ కోడి ఎట్ల అరిసిందో,
ఇంద్రావతి దాటంగ చంకల పిల్ల
ఏ ఒడ్డు కాడ ఊకున్నదో,
పోయిన ఎండకాలం ఇక్కడ సుత గుడిసెలు పీకినప్పుడు
ఏడ్వకుంట గిన్నెలెట్ల లెక్కపెట్టుకున్నదో.
ఏడు గిన్నెలు.
"ఏమంటున్నారు?"
"అన్ని రాత్రులు, మేడం."
ఫారంల గంతే జాగ ఉన్నది.

కాల్ కట్టయింది.
మళ్ల కలిసెదాక తెర మీద చక్రం తిరిగింది,
ఎవలో ఆడమనిషి గొంతు పలికింది:
నిమిషంలో లోన్! కాగితాలు అక్కర్లేదు!
ఐతె తలెత్తింది.
అప్పటిదాక ఫోన్ దిక్కు సూడనిది సూసింది.
"లోన్?" అన్నది.
మా మాటల లోనంటె ఇల్లు.
వాళ్ల మాటల సుత.
అది అప్పు అని చెప్పాలె నేను.
అప్పుకు మాకు మాట లేక కాదు,
ఆ పూట నోట్లకు రాలె.

మళ్ల కలిసింది. తొమ్మిది నిమిషాలు మిగిలినయి.
డాక్టరమ్మ మంచిది, తొందర పెట్టలె.
ఊపిరి మెల్లగ తీసుకొమ్మనుమన్నది,
కండ్లు మూసుకొని, భయం లేని చోటొకటి
మనసుల తలుసుకొమ్మనుమన్నది.
చెప్పిన.
ఐతె కండ్లు మూసింది.
ఇప్పపువ్వొకటి రాలి ఆమె ఒడిల పడ్డది, తీసెయ్యలె.
తెరిసినంక అడిగిన, ఏ చోటని.
"ఈ రాయి" అన్నది.
"ఈడ కూసుంటె ఎవలొస్తున్నా
దూరం నుంచె కనబడతరు."

డాక్టరమ్మకు చెప్పుదామని తిరిగిన.
ఆమె లేదు.
ఛార్జింగ్ నాలుగు శాతం.
సేవ ఎలా ఉంది, రేటింగ్ ఇవ్వండి అని
వరుసగ ఐదు.
ఇవేంటివి, అన్నది ఐతె.
చుక్కలన్న.
ఆమె మొగులు దిక్కు సూసింది, ఫోన్ దిక్కు సూసింది.
"పట్టపగలా?" అన్నది.