పిల్లికి బిచ్చం

సౌదామినీ అపాకి భవానీపట్న బదిలీ అయింది.
బీరువా ఎక్కింది, మంచం ఎక్కింది,
తులసి కుండీ కూడా ఎక్కింది లారీ.
కునీ ఎక్కలేదు.

ఏడేళ్ళ పిల్లి. ఎడమ చెవి కొస చిరుగు,
కింది కోర ఒకటి లేదు.
కూన అయితే ఎవరైనా ఎత్తుకుపోదురు,
ముదిరిన దాన్ని ఎవరడుగుతారు?

పర్లాకిమిడిలో మా వీధి వీధంతా
పిల్లికి బిచ్చం వెయ్యదని నాకు పేరు.
జాకెట్టు కుట్టగా మిగిలిన జానెడు గుడ్డ
తిరిగివ్వను, నిజమే.
అలాంటి నా చేతిలోనే బుట్ట పెట్టి
"ఒక్కదానివే కదా" అంది అపా, తెలుగులో.

మూత తీయగానే మిషను కింద దూరింది.
రెండు రోజులు
రెండు పచ్చ బొత్తాలు తప్ప ఏమీ కనపడలేదు.
తొక్కితే అదురుతుందని
మూడు జాకెట్లు చేత్తోనే కుట్టాను.
నెత్తళ్ళు పది రూపాయలవి కొన్నాను,
లెక్క రాసుకున్నాను.
రాత్రి నేను పడుకున్నాక
పళ్ళెం నాకిన చప్పుడు.
పొద్దున్న మళ్ళీ బొత్తాలే.

"రావే, రా తల్లీ" అంటే
గోడకి చెప్పినట్టే.

నాలుగోనాడు పాలవాడికి తలుపు తీస్తే
నా కాళ్ళ సందులోంచి జారిపోయింది.
ఎక్కడికో నాకు తెలుసు.
తాళం వేసిన ఆ గుమ్మం ముందు
తాళం కేసే చూస్తూ కూర్చుంది.
నేనూ కూర్చున్నాను, ఆ మెట్టుకి ఈ చివర.
చేతిలో బుట్ట ఉంది, ముయ్యబుద్ధి కాలేదు.

నాది బజారు ఒడియా,
బేరమాడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు.
అయినా అపా పిలిచే పిలుపు
గోడ అవతల్నించి ఏడేళ్ళు విన్నదాన్నే.
"ఆ లో కునీ, ఆ..."
చిరిగిన చెవి ఇటు తిరిగింది.
ఒళ్ళు తిరగలేదు.

ఎండెక్కాక లేచి నడిచాను.
మలుపు దగ్గర వెనక్కి చూస్తే
మూడు గుమ్మాల దూరంలో
నాతో సంబంధం లేనట్టు
కాలవ గట్టు వాసన చూస్తోంది.
నేనూ చూడనట్టే వచ్చేశాను.
తలుపు మాత్రం వెయ్యలేదు.

ఇప్పుడు మిషను తొక్కితే
పీలికల బుట్టలో నిద్రపోతుంది.
మిగిలిన గుడ్డ ఎందుకు దాస్తానని
ఇంకెవరూ అడగక్కర్లేదు.

నిన్న అపా ఫోను చేసింది.
"తింటోందా? ఒక్కసారి దాని చెవి దగ్గర పెట్టవూ,
పిలుస్తాను."
కునీ నా పక్కనే ఉంది.
రేపు ఇవ్వాల్సిన గులాబీ జాకెట్టు మీద
పొట్ట చూపించి పడుకుని ఉంది.

సిగ్నలు లేదన్నాను.

వీధిలో అనేది ఉత్తినే కాదు.
ఒక్క పిలుపు,
అదీ నా సొమ్ము కాదు,
వెయ్యలేకపోయాను.