లైన్ క్లియర్

నాలుగు గంటలకే మెలకువ.
ముప్పై నాలుగేండ్లు ఫోన్ మోతకు లేచిన చెవి,
నేను రిటైరై మూడేండ్లయినా
ఇంకా డ్యూటీ దిగలేదు.

పండుకునే వింట,
సందు మొగన ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు.
ఒక ఫేజు మీద లోడెక్కువుంది.
మొన్న చెబితే కొత్త పిల్లగాడు నవ్విండు:
"సారూ, మీరింక నిద్రపోండ్రి."

ఆరింటికి పేపరొస్తది.
జిల్లా పేజీ అండాలు గుంజుకుంటది,
బత్తాయి రేటు, చావు కబుర్లు, పెండ్లి ఫొటోలు.
ప్రపంచం నాకు వదిలేస్తది.
"ఏమంటుంది నీ లోకం?" అంటది
చాయ ఊదుకుంట.

ఏమంటది.
మంచుకొండ ఒకటి విరిగి సముద్రంల పడ్డది.
చమురు పీపా ఇంకింత పిరమైంది.
నోరు తిరగని పేరున్న ఊళ్లె
రాత్రి సబ్‌స్టేషన్ మీద బాంబేసిన్రు,
ఊరు సగం చీకటి.

ఫొటో ఉంది.
అందరు పొగ చూస్తరేమో,
నేను ఇన్సులేటర్లు చూసిన.
పగిలిన పింగాణి.
మన దాని లెక్కనే ఉంది,
అదే గోధుమరంగు, అవే మడతలు.
మూలకు ఒకడు నిచ్చెన మోసుకొస్తున్నడు.
మొఖం కనపడదు, నడక తెలుస్తది.
నిచ్చెన మోసేటోని నడక ఏడనైనా ఒక్కటే,
ఒక భుజం కిందికి, మెడ పక్కకు.

వాడు ఎక్కుతడు.
ఎక్కేముందు ఎవర్ని అడుగుతడు?

మా దగ్గర ఎల్‌సీ అని ఉండె. లైన్ క్లియర్.
ఫీడర్ బందువెట్టినం, ఎక్కు అని
సబ్‌స్టేషనోడు నంబరు చెప్పాలె,
నేను ఆ నంబరు తిరిగి చెప్పాలె,
ఇద్దరం రాసుకోవాలె.
పనైనంక మనుషుల్ని లెక్కవెట్టుకొని
వాపసియ్యాలె.
చిన్న మాటనే. దాని మీదనే పానం.

కనగల్ ఫీడర్ల, ఒక వానకాలం,
నంబరు ఒకటి చెబితే ఒకటి రాసుకున్నరు.
సైదులు పైనున్నడు.
ఇంతకంటె చెప్పను. అండాలుకు కూడ ఇంతే చెప్పిన.

వాణ్ని గుంజబోయి కాలిన ఈ వేళ్లే
ఇయ్యాల ట్రెజరీల మిషిన్ మీద పెట్టిన.
బతికున్నట్టు ఏటేటా చూపెట్టుకోవాలె కద.
నా ముందర ఒక డ్రిల్లు సారు,
ఎనుక పెద్దాసుపత్రి ఆయమ్మ.
బొటనవేలు పెడితే ఎర్ర లైటు.
చూపుడువేలు. ఎర్ర.
తుడిచిన, ఊదిన, నెత్తికి రాసిన.
"గీతలు లేవు పెద్దాయనా" అన్నది పిల్ల,
తప్పు తనదైనట్టు.
కడకు ఎడమచెయ్యి చిటికెనవేలు
నేనున్ననని ఒప్పుకున్నది.

బయట బెంచీ మీద కూసున్న.
చేతుల రశీదు. ఇంకో ఏడాదికి ఉన్న.
పొద్దున పేపర్ల నూటపదిహేడని రాసిండె.
పేర్లు లేవు.
అక్కడ మిగిలినోళ్లు ఏ కిటికి కాడ
ఏ వేలు పెడతరో.

గంతల జహంగీర్ భాయి వచ్చి
గడియారం కాడ బజ్జీలు తిందాం పా అన్నడు.
తిన్నం.
కారం మంచిగుండె. జర సిగ్గైంది.
మళ్లొకటి తిన్న.

మాపటికి లతీఫ్ సాబ్ గుట్ట మీద లైట్లు పడ్డయి.
ఏడు పదికి పోయినయి.
సీరియల్ ఆగి వాడంత ఒక్కపారే ఉస్సురన్నది.
నేను మిద్దెక్కి చూసిన.
జంపర్ తెగినట్టుంది.
ఆ పిల్లగాడే, నోట్లె టార్చి,
పోలుకు నిచ్చెన ఆనిస్తున్నడు.

"ఎల్‌సీ తీస్కున్నవా?"
టార్చి చేతికి తీసిండు. "తీస్కున్న సారూ."
"నంబరు?"
చెప్పిండు. ఈసారి నవ్వలేదు.
నేను తిరిగి చెప్పిన,
చీకట్ల, గట్టిగ, ఒక్కొక్క అంకె.

వాడు దిగేదాంక నేను మిద్దె దిగలేదు.
కరెంటొచ్చింది. పోరగాండ్లు కేక పెట్టిన్రు.
"జొన్నరొట్టె సల్లారవట్టె" అని కిందికెల్లి అండాలు.

ఆ ఇంకొకడు దిగిండో లేదో
రేపటి పేపర్ల రాయరు.