మునక అంకెలు

మెలకువొచ్చాక కదలకూడదు.
మొదట అదొక్కటే చెప్పాడు మా మేనల్లుడు వినీలు.
కన్ను తెరవొద్దు మావయ్యా, ఒత్తిగిలొద్దు,
చెంప కింద చెయ్యి చెంప కిందే ఉండనీ.

నాకా, ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు,
సైరను కూయకముందే కాళ్ళు నేలకానడం.
మల్కాపురంలో షిప్‌యార్డు సైరనుకి
కుక్కలు కూడా ఒళ్ళు విరుచుకుంటాయి.
ఆ హడావిడిలో కలెక్కడ నిలుస్తుంది?
లుంగీ బిగించేలోపు ఖాళీ.

ఓడల మీద అక్షరాలు రాసేవాణ్ణి.
పేరు, రేవు పేరు, ముక్కు పక్కన మునక అంకెలు:
ఎనిమిది, ఆరు, నాలుగు,
రంగు ఆరకముందే నీళ్ళ కిందికి పోయే రెండు.
ఓడ ఎంత లోతు దిగిందో నా అంకె చూసి చెప్పేవారు.
నా నిద్రకి మాత్రం ఒక్క గీతైనా లేదు.

ఒకసారి పలక మీంచి పడ్డాను.
కాలు అతుక్కుంది.
పడటం మాత్రం రాత్రిళ్ళు ఆగలేదు.
ఏం కలొచ్చిందంటే చెప్పలేను,
తలగడ మీద చెమట ఒక్కటే సాక్షి.
ఇది కలే అని, పడుతుండగానే తెలిస్తే చాలు,
అంతకు మించి ఆశ లేదు.
ముందు గుర్తుండాలి కదా, అన్నాడు వినీలు.
మర్చిపోయిన ఊళ్ళో దారి ఎలా కనుక్కుంటావు?

నూకరత్నం నవ్వింది:
"రిటైరయ్యాక ఇప్పుడు కలలకి డూటీ ఎక్కినావేటి?"

నోటుబుక్కు, తాడు కట్టిన పెన్సిలు.
నాలుగున్నరకి తలగడ కింద ఫోను వణుకుడు.
సోమవారం: ఏమీ లేదు.
మంగళవారం: ఏమీ లేదు. (అదీ రాయమన్నాడు.)
శుక్రవారం: పచ్చ. ఏదో పచ్చ.
మళ్ళీ వారం: రంగుడబ్బా మూత. ఎవరిదో దగ్గు.

ఆ దగ్గుని లాగలేదు.
లాగితే తెగుతుంది.
చీకట్లో పక్కన కూచుని ఎవరిదో అడిగాను.
గరికిన ఎర్రయ్యది. పలక మీద నా పక్కవాడిది.
ఎర్రయ్య వెనక మెట్లొచ్చాయి,
మెట్ల కింద పూర్ణా మార్కెట్టు మోకాలిలోతు సముద్రంలో,
అరటి గెలలు తేలుతున్నాయి,
ఎవరూ కంగారు పడటంలేదు, బేరాలు జరుగుతున్నాయి.
రెండు పేజీలు నిండాయి. చెయ్యి నొప్పెట్టింది.

నెల తిరిగేసరికి ఒకటి తేలింది:
నా కలల్లో అక్షరాలు నిలబడవు.
అందుకని పగలు సాధన.
సింధియా జంక్షన్లో బస్సు బోర్డు చదవడం,
తల తిప్పి మళ్ళీ చదవడం.
"ఎక్కుతావా లేదా తాతా?" అని కండక్టరు.
మారలేదు నాయనా, నువ్వు నిజమే, పద.

నిన్న తెల్లారుజామున
పలక ఊగుతోంది. ఎదురుగా ఇనుపగోడంత ఓడ.
పేరు రాశాను. తల తిప్పాను.
మళ్ళీ చదివితే నా చేతిరాతే,
నాకు రాని భాషలో.

ఓహో, అనుకున్నాను.

కింద డాక్కులో నీళ్ళే లేవు, అడుగే లేదు.
భయం వెయ్యలేదు.
యారాడ కొండ దాకా ఎగరొచ్చు.
నేనేం చేశానంటే,
జేబులోంచి నోటుబుక్కు తీసి
అంతా రాసుకున్నాను, వరస తప్పకుండా:
టర్పెంటైన్ వాసన, తాళ్ళ కిర్రు,
వెనక ఎర్రయ్య దగ్గు, బతికున్నవాడి దగ్గు,
"ఏటి గురూ రాస్తన్నావు?" అని అడగడం.
నాలుగు పేజీలు.

లేచి చూస్తే పేజీ తెల్లగా ఉంది.

నాలో నేనే నవ్వుకుని
మళ్ళీ కళ్ళు మూశాను.
చెంప కింద చెయ్యి.
కాసేపటికి వాసనొచ్చింది మొదట. తర్వాత తాడు.

సైరను కూసింది.
నూకరత్నం గ్లాసు తెచ్చి
చప్పుడు కాకుండా గచ్చు మీద పెట్టి,
నేనింకా అక్కడే ఉన్నానని గ్రహించి,
టీ మీద సాసరు మూసి వెళ్ళింది.