వేలిముద్ర పడలేదు

కాశీబుగ్గ రేషన్ డిపోలో
మిషన్ మళ్ళీ ఎర్రలైటు వేసింది.
డీలరు నా బొటనవేలు తుండుగుడ్డతో తుడిచి
ఇంకోసారి నొక్కమన్నాడు.
ఇరవై రెండేళ్ళు జీడిగింజలు కొట్టిన వేలు.
గీతలన్నీ జీడిసొన తినేసింది.
"నువ్వు నువ్వు కాదంటోందే, దమయంతీ"
నవ్వేడు. వరసలో వాళ్ళూ నవ్వేరు.
మిషన్‌కెలా తెలిసిపోయిందా అని
నాకు కాళ్ళు వణికేయి.

నా కూలి పుస్తకంలో
కొన్ని రోజుల లెక్క నా చేతిరాత కాదు.
ఎడమకి వాలిన అక్షరాలు,
సున్నాకి బదులు చేపబొమ్మ.
మంగళవారం పొద్దున్న బట్టీ దగ్గరున్నాను.
ఆ తర్వాత గుర్తున్నది
గురువారం సాయంత్రం, పలాస స్టేషను,
చేతిలో కంచిలి టికెట్టు,
చీర అంచుకి ఇసక.
మధ్యలో బుధవారం
ఎవరు బతికేరు?

అత్త గాలి సోకిందంది.
ఎజ్జోణ్ణి పిలిపించింది.
వాడు వేపమండలతో బాదుతూ
"ఎవుర్తివే? ఎక్కణ్ణించొచ్చేవు?" అన్నాడు.
లోపల కూర్మన్న పళ్ళు బిగబట్టేడు.
కూర్మన్నకి పన్నెండేళ్ళు. ఎప్పటికీ పన్నెండేళ్ళే.
దెబ్బలన్నీ వాడి వంతు. అరవడు.
ఇంకొకామె ఉంది, ముసిల్ది,
మా అమ్మమ్మ ఒడియాలో లెక్కపెడుతుంది:
ఎకొ, దుయి, తిని, చారి...
చారి దగ్గర ఆగిపోతుంది.
ఐదోది చెప్పదు.
నేనూ అడగను.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఎవరొచ్చేరని అడగలేదు.
బల్లమీది కాగితాలు పక్కకి జరిపి
"అప్పుడక్కడ ఎవరు ఉండిపోయేరమ్మా?" అంది.

రేకుల షెడ్డు.
లోపలివైపు గొళ్ళెం.
గోనెల మీద గోనెలు, పచ్చిగింజల ఘాటు.
పైన మేకు ఊడిన కంత,
అందులోంచి రూపాయి బిళ్ళంత ఎండ.
ఏడేళ్ళ గుంట దాన్నే చూసి చూసి
ఆ కంతలోంచి బయటికెళ్ళిపోయింది.
కింద, గోనెల మీద,
ఎవరో ఒకరు ఉండాలి కదా.
ఉన్నారు.
మొదట ఒక్కత్తే.
వేసంగి పొడుగునా
ఒక్కత్తి చాల్లేదు.

ఆ మనిషి పేరు రాయను.
బజారులో కనబడితే
"బావున్నావామ్మా" అనేవాడు.
పోయేడు.
పన్నెండో రోజు భోజనానికి నేను వెళ్ళేనట,
రెండోసారి పులిహోర అడిగి వేయించుకున్నానట.
అది నేను కాదు.

అందరూ ఒకనాటికి కలిసిపోవచ్చు, చూద్దాం
అంది డాక్టరమ్మ.
నాకు నచ్చలేదు.
నేను పప్పు ఏరేదాన్ని.
గుండు ఒక డబ్బా, బద్ద ఒక డబ్బా, ముక్క ఒకటి.
రెండు బద్దలంటించి గుండని చెప్తే
సేటు ఊరుకోడు.
ముక్కని మాత్రం ఎవరూ పారేయరు.

ఆ రాత్రి పుస్తకం చివర రాసేను:
*బుధవారం ఎక్కడికెళ్ళేరు?*
మూడు రోజులు ఏమీ లేదు.
నాలుగోనాడు, ఎడమకి వాలిన అక్షరాల్లో:
*బారువ. సముద్రం సూసేం. గుంట తడిసింది.
కూరమన్న సెయ్యి వొదల్లేదు. ఏటీ అవలేదు.*
కింద చేప.
ఏటీ అవలేదు
అన్న చోట వేలు పెట్టి
చాలాసేపు కూచున్నాను.
తర్వాత లేచి
తలుపు గొళ్ళెం తీసేను. తీసే ఉంచేను.

"వేరే వేలు పెట్టు" అంటున్నాడు డీలరు.
కుడిచెయ్యి అయిపోయింది.
ఎడమది. బొటనవేలు, చూపుడువేలు, లేదు, లేదు.
చిటికెన వేలు గింజని ముట్టదు,
పని మొదలెట్టినప్పట్నించీ
అరచేతిలోకి ముడుచుకునే ఉంటుంది.
దాన్ని మెల్లిగా విప్పి
గాజుమీద పెట్టేను.

పచ్చలైటు.
బమ్మిడి దమయంతి, అంది మిషన్, ఆడగొంతుతో.
"చూసేవా, నువ్వే" అన్నాడు డీలరు.
మేమే అనబోయి
సంచీ మూతి తెరిచి పట్టుకున్నాను.