నలభై రూపాయల తేడా

హౌరా నుంచి వచ్చిన రైలు
తెల్లారగట్ల నాలుగింటికి మమ్మల్ని
బెజవాడ ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద దించేసింది.
నలభై మూడు రోజులు, నాలుగు దేశాలు.
గుంటూరికి ఇంకా ముప్పై రెండు కిలోమీటర్లు నాకు,
ఫర్జానాకైతే ఆటో దూరం.

ఇంట్లో శనివారం వస్తామని చెప్పాం.
ఇది గురువారం.

హనుమాన్‌పేటలో లాడ్జి.
రిజిస్టర్లో ‘ఎక్కడి నుంచి’ అన్నచోట ఢాకా అని రాసింది ఫర్జానా.
‘ఎక్కడికి’ అన్నచోట కాసేపాగి అడ్డగీత గీసింది.
గుమాస్తా ఆమె ఆధార్ కార్డు వెనక్కీ ముందుకీ తిప్పాడు.
“వించిపేటేగా తల్లీ, నడిచెళ్ళొచ్చే!”
“ఔనండీ” అంది, “అందుకే తొందర్లేదు.”

బ్యాగులు విప్పితే గది నిండా తడి గుడ్డల వాసన.
కొలంబోలో కొన్న నైలాను తాడు
ఈ కిటికీ ఊచలకీ ఆ తలుపు గెడకీ కట్టాం.
పారోలో ఈ తాడు మీదే నా చున్నీ
అప్పడంలా బిగుసుకుపోయింది.
ఇక్కడ పిండిన చెయ్యి తుడుచుకునేలోపే ఆరిపోయింది.
మే నెల బెజవాడ ఎవరినీ ఎక్కడినుంచి వచ్చావని అడగదు,
అందర్నీ ఒకేలా కాలుస్తుంది.

సాయంత్రం బ్యారేజీ మీదికి నడిచాం, యాత్రికుల్లాగే.
ముంతకింద పప్పు బండి దగ్గర
అలవాటు కొద్దీ “కిత్నా భయ్యా?” అన్నాను.
“ఇరవై అమ్మా” అన్నాడు, నా వంక జాలిగా చూసి,
ఉల్లిపాయ కాస్త ఎక్కువే వేశాడు.
బీసెంట్ రోడ్డులో ఫర్జానా
కళ్ళు మాత్రం వదిలి మొహమంతా కప్పేసుకుంది.
మూలమీద గాజుల కొట్టు వాళ్ళ మేనమామది.
సరిహద్దులు నాలుగు దాటిన మనిషి
ఆ ఒక్క కొట్టు దాటడానికి నా భుజం వెనక నక్కింది.
పక్క సందులోకి వచ్చాక ఇద్దరం
కడుపు పట్టుకు నవ్వాం.
తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

రాత్రి, ఉమ్మడి ఖర్చుల పుస్తకం.
అన్ని దేశాల డబ్బూ మన రూపాయల్లోకి మార్చి రాసింది.
మూడుసార్లు కూడాం. నలభై రూపాయల తేడా.
“రేపు చూద్దాంలే” అంది.
రేపూ కూడాం. అదే నలభై.
“నిద్రొస్తోంది, పొద్దున్న చూద్దాం.”

నేను కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే మనిషిని.
పద్నాలుగేళ్ళుగా, ఒక్క టిక్కీ తేడా వచ్చినా
మిరపకాయల చలిలో నిలబడి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టేదాన్ని.
ఆ నలభై ఎక్కడుందో
నాకు మొదటి రాత్రే కనపడింది.

ముగ్లింగ్ దగ్గర బస్సు చెడిపోయిన తెల్లవారుజాము.
పొగమంచులో ఒక్కటే కొట్టు,
కొట్లో మిగిలింది ఒక్క గ్లాసు టీ, ఒక్క బన్ను.
నువ్వు తాగు, నువ్వు తాగు అంటూ
చల్లారేదాకా చేతులు మారింది గ్లాసు.
ఆ నలభైని ఒకసారి నేను రాశాను, నీలం పెన్నుతో.
కింద మూడు గీతల తర్వాత
తను రాసింది, పెన్సిల్‌తో.

చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం, గుంటూరు ప్యాసింజరు.
“పుస్తకం నీ దగ్గరే ఉంచు” అన్నాను.
“తేలకుండానా?”
“తేలకుండానే.”
కిటికీలోంచి చెయ్యి పెట్టి
నా బ్యాగు పట్టీ సరిచేసింది, అక్కర్లేకపోయినా.

వంతెన ఎక్కగానే పెట్టెలో వాళ్ళంతా
జేబులు తడుముకున్నారు, రూపాయి బిళ్ళల కోసం.
నా దగ్గర ఉన్నది భూటాన్ బిళ్ళొకటి,
అంచు అరిగిన శ్రీలంక ఐదు రూపాయలు.
కృష్ణ ఏ డబ్బు తీసుకుంటుందో తెలీక
రెండూ గుప్పిట్లోనే ఉండిపోయాయి.
చెయ్యంతా ఇనుము వాసన.

కృష్ణా కెనాల్లో రైలు ఆగింది.
ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు.
ఎండకి పట్టాలు వణుకుతున్నాయి.
అప్పుడు గుర్తొచ్చింది తాడు,
ఆ లాడ్జి కిటికీ ఊచలకి కట్టే ఉంది,
తన గళ్ళ తువ్వాలు దాని మీదే.

దిగనా వద్దా అనుకునేలోపు
సిగ్నలిచ్చారు.