డిటో

హిరమండలం ఎగువన, వంశధార గట్టు మీద
మంచం పట్టేంత రేకు గది.
అందులో అరచేతి వెడల్పు బోర్డు,
అరవై నాలుగు ఎంబీల మెమరీ.
లినక్స్ కూర్చోగా మిగిలింది
ఒంటికాలు మడుచుకునేంత చోటు.

మొన్న రాత్రి రెండు దాటాక ఆ చోటూ చాల్లేదు.
కెర్నెల్ చుట్టూ చూసి
అందరిలోకీ లావుగా ఉన్నవాణ్ణి చంపేసింది.
ఆ లావుపాటివాడే ఏటి మట్టం చదివేవాడు.
లాగ్‌లో 'కిల్డ్' అని ఒక్క ముక్క,
తెల్లారేదాకా ఖాళీ.

స్వాప్ పెడదామంటే ఉన్నది ఎస్‌డీ కార్డు.
ఇన్నిసార్లే రాయించుకుంటానని
పుట్టుకతోనే లెక్క చూసుకున్నది;
ఈ వానాకాలం దాటదు.
అందుకని ఉన్న మెమరీలోనే ఓ మూల గీత గీసి
జీర్యామ్ లేపాను.
పనిలేని పేజీలు నలిగి, నొక్కుకుని అక్కడే పడుంటాయి,
పిలిస్తే లేచి విప్పుకుంటాయి.

"ఉన్న గదిలోన ఇంకో గదేటి బావూ?"
టీ చల్లార్చుకుంటూ వాచ్‌మన్ దాలినాయుడు.
చెప్పాను.
"ఓస్, గోగునార తొక్కడవే కదేటి!"
రాజాం మిల్లుకి లారీలెత్తిన మనిషి.
"ముప్పై మోపుల లారీలోన తొంభై ఎక్కించీవోళ్లం.
తొక్కీవోడు బాగుండాల, అంతే."

నా తొక్కేవాడు ఎల్‌జెడ్4.
ఇంకా గట్టిగా తొక్కేవాళ్లున్నారు గానీ
ఈ బక్క ప్రాసెసర్ వాళ్ల కూలి ఇచ్చుకోలేదు.

కరెంటు పోయొచ్చినా మరవకుండా
బూట్ స్క్రిప్టులో నాలుగు వరసలు రాసి
'ఫ్రీ' అని కొట్టాను.
స్వాప్ ఎదురుగా, ఇన్నాళ్లకి,
సున్నా కాని అంకె.
పదిహేను ఎంబీలు ఐదింట్లో ఒదిగాయి.

పోయిన రాత్రి మాత్రం రాదు కదా అన్నాను.
దాలినాయుడు దిండు కింద చెయ్యి పెట్టి
అట్టలూడిన నోటుబుక్కు తీశాడు.
టార్చి వేసి, గేజి రాయి చూసి, ఎవరూ అడక్కుండా రాసినవి.
జూన్ మొదట్లో ఒక అంకె,
దాని కింద డిటో, డిటో, డిటో,
నెలంతా రెండు పేజీల్లో.
నాకు నవ్వాగలేదు.
"ఏటి?" అన్నాడు.

మొన్నటి తారీఖు దగ్గరికొచ్చాను.
పావుగంటకో వరస, నీళ్లకి పారిన సిరా.
ఏ అంకె కిందా డిటో లేదు.
పేజీ తిప్పాను,
ఇంకో పేజీ.