శేషం

మూడు రోజులు కనుమ తెరుచుకోలేదు.
ముర్గాబ్ దారిలో ఒక టీ కొట్టు,
పొయ్యిలో జడలబర్రె పిడకలు,
బయట మంచులో బిగుసుకుపోయిన నా లారీ.

కొట్టతని కూతురు ఐజరిక్
భాగహారం దగ్గర ఏడుస్తోంది.
చూస్తూ ఊరుకోలేక
జేబులోంచి ఎండు ఆప్రికాట్లు తీసి బల్ల మీద పోశాను.
"పదిహేడు. మనం నలుగురం. పంచు."

పంచింది. ఒకటి మిగిలింది.
దాన్ని చూసి, నన్ను చూసి,
"ఓహో, శేషమంటే ఇదా!" అని
నోట్లో వేసుకుంది.

ఇరవై రెండేళ్లు మోశాను
సిమెంటు, పిండి, ఒకసారి ఎవరిదో పియానో.
ఏ సరుకు దించినా
ఒళ్లు ఇంత తేలికపడలేదు.

కనుమ తెరిచారు. బళ్లన్నీ కదిలాయి.
ఏడో ఎక్కం అయ్యాక నేను కదిలాను.

నలభై ఆరేళ్లకు ఇప్పుడు
ఖొరోగ్ శిక్షణ కళాశాలలో వెనక బెంచీ.
లారీ ఇంకా అమ్ముడుపోలేదు.
బేరానికొచ్చినవాడికి
వడ్డీ లెక్క నేర్పుతూ కూర్చున్నాను.